అచ్చు కార్డులకు కొత్త నమూనాలు

ప్రశ్న: సంక్రాంతికి బంధువులకు పంపే శుభాకాంక్షల కార్డులను రబ్బరు ముద్రలతో నేనే తయారుచేస్తాను. బజారులో దొరికే ముద్రలన్నీ గులాబీలూ సీతాకోకచిలుకలే కావడంతో, ఏటా ఒకే కార్డు పంపుతున్నట్లు అనిపిస్తోంది. కొత్త నమూనాల కోసం ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందుగా మీ వంటింట్లోనే వెతకండి. బెండకాయను అడ్డంగా కోస్తే సాధారణంగా ఐదు గదుల పువ్వు కనిపిస్తుంది. కోసిన ముఖంపై జిగురును గుడ్డతో అద్ది తీసి, కాస్త చిక్కని రంగు పూసి ఒత్తితే ఆ పువ్వు కాగితం మీద చక్కగా పడుతుంది. రావి ఆకు తీసుకుంటే రంగును వెనుకవైపే పూయండి, ఎందుకంటే ఈనెలు ఆ వైపునే ఉబ్బెత్తుగా ఉంటాయి. గులాబీ ముద్ర ఎంత బాగున్నా, మీ వీధి చెట్టు ఆకుకు ఉండే ఆత్మీయత దానికి రాదని నా అభిప్రాయం.

మీకు దగ్గరలోనే ఉన్న పెడనకు ఒకసారి వెళ్లి, కలంకారీ అద్దకాన్ని తీరిగ్గా గమనించండి. అక్కడ టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చొప్పున వాడుతూ, లతలనూ పూలనూ బట్టపై అద్దుతారు. ఆ పద్ధతినే అనుసరించి, గీతలకు ఒకటి, నింపే రంగుకు మరొకటి చొప్పున రెండు అచ్చులను మెత్తని రబ్బరుపై మీరే చెక్కుకోవచ్చు. నమూనాకు మీ వాకిట్లోని చుక్కల ముగ్గు చాలు. అయితే అక్షరాలు చెక్కేటప్పుడు మాత్రం వాటిని తిరగేసి గీయడం మరవకండి.