జెట్ బోటు కొనేముందు పంపులోకి తొంగి చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము జార్జియా రాష్ట్రంలోని కమింగ్‌లో ఉంటున్నాం. లేనియర్ సరస్సు మా ఇంటికి దగ్గరే. నేనూ మా బావమరిదీ కలిసి, రెండు ఇంజన్లున్న 21 అడుగుల యమహా జెట్ బోటును సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నాం. మీటరులో 240 గంటలు చూపిస్తోంది. ఇంజన్లు కొత్తవాటిలా ఉన్నాయని యజమాని అంటున్నారు. మేము ఏమేం చూసుకోవాలి?

జవాబు: నూనె వేళకు మార్చిన ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు 240 గంటలు పెద్ద లెక్క కాదు. మీరు ముందుగా అడగవలసింది ఆ గంటలు ఎక్కడ గడిచాయన్నది. జెట్ బోటుకు బయట ఫ్యానూ లేదు, చుక్కానీ లేదు. పడవ అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది, పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, దానిని వెనక్కి నెడుతుంది, సన్నని నాజిల్ గుండా ఆ నీరు ధారగా వెలువడి పడవను ముందుకు తోస్తుంది. ఇంపెల్లర్ రెక్కల చివరలకూ వాటి చుట్టూ ఉండే వేర్ రింగ్‌కూ మధ్య సందు కొత్త పంపులో అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇసుక, గులకరాళ్లు లోపలికి వెళ్లినప్పుడల్లా ఆ సందు పెరుగుతుంది, పెరిగిన సందులోంచి నీరు వెనక్కి జారుతుంది. అప్పుడు ఇంజన్ ఎంత బలంగా ఉన్నా ఆ బలం నీటికి చేరదు.

అందుచేత, పడవ ట్రైలర్ మీద ఉండగానే యజమాని అనుమతితో తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకుని, టార్చిలైటుతో వెనుక, పంపులో చిక్కినవాటిని తీయడానికి ఉండే క్లీనవుట్ మూతల గుండా, అడుగున జాలీ గుండా లోపలికి చూడండి. ఇంపెల్లర్ ముందు అంచును వేలితో నెమ్మదిగా తడిమితే నున్నగా తగలాలి. రంపపు పళ్లలా తగిలితే ఆ పడవను ఒడ్డుకు మరీ దగ్గరగా నడిపారని అర్థం. వేర్ రింగ్ మీద సన్నని గీతలు సహజమే కానీ, గోరు దిగేంత గాట్లు ఉండకూడదు. మెకానిక్ వెంట ఉంటే, సందులు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో నాలుగు వైపులా కొలిపించి, తయారీదారు సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితితో పోల్చుకోండి. రెండు పంపులనూ చూడడం తప్పనిసరి. ఒకటి మంచిగా ఉండి రెండోది అరిగిన పడవలను నేను చాలానే చూశాను.

ఆ తరువాత నీటిలో నడిపి చూడండి. నిలకడ మీది నుంచి థ్రాటిల్ పూర్తిగా తోసినప్పుడు ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఒక్కసారిగా పైకి లేచి, పడవ మాత్రం వణుకుతూ వెనుకబడితే పంపు నీటిని సరిగా పట్టడం లేదని తెలుసుకోవాలి. జాలీకి నాచు చుట్టుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి, దానిని శుభ్రం చేసి మళ్లీ పరీక్షించాకే ఒక నిర్ణయానికి రండి. ఇంజన్ నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే ఇక బేరమాడకండి, వదిలేసి వచ్చేయండి.

లేనియర్ గురించి ఒక మాట. ఆ సరస్సు నిండు మట్టం సముద్రమట్టానికి 1071 అడుగులు. 2007 డిసెంబరు కరువులో అది దాదాపు ఇరవై అడుగులు పడిపోయింది. అంతటి కరువు ఏటా రాకపోయినా, మట్టం తగ్గిన నెలల్లో నిన్నటి లోతైన చోటు నేటికి ఎర్రమట్టి మెరక అవుతుంది. అడుగున మూడడుగుల నీరైనా లేనిదే ఇంజన్ స్టార్టు చేయకూడదన్నది నేను ఏనాడూ తప్పని నియమం. మీరు కూడా పాటించండి.

ప్రశ్న: టెక్సాస్‌లోని లూయిస్‌విల్‌లో ఉంటాం. సరస్సు నుంచి ఇంటికి రాగానే మావారు తోటకు నీళ్లు పెట్టే హోస్ పైపును పడవకు తగిలించి, కుళాయి తిప్పి, ఆ తరువాత తీరిగ్గా ఇంజన్ ఆన్ చేస్తారు. ఇది సరైన పద్ధతేనా? నూనె మార్పు, చలికాలపు జాగ్రత్తల గురించి కూడా చెప్పగలరు.

జవాబు: అమ్మా, ఈ ఒక్క అలవాటును ఈ వారమే మాన్పించండి. ఇంజన్ ముందు, నీళ్లు తరువాత. ఆపేటప్పుడు నీళ్లు ముందు, ఇంజన్ తరువాత. కడిగే నీరు ఇంజన్‌ను చల్లబరచి ఎగ్జాస్ట్‌లోకి చేరుతుంది, నడుస్తున్న ఇంజన్ పొగ ఒత్తిడే దానిని బయటికి తోస్తుంది. ఇంజన్ ఆగి ఉండగా కుళాయి తిప్పితే, తోసే ఒత్తిడి లేక ఆ నీరు మఫ్లర్ నిండి, చివరకు సిలిండర్లలోకి ఎగబాకుతుంది. నీరు నొక్కుకుపోదు కాబట్టి, ఆ స్థితిలో స్టార్టరు నొక్కితే కనెక్టింగ్ రాడ్లు వంగే ప్రమాదం ఉంది. నా మొదటి పడవతో నేనే ఈ పొరపాటు చేశాను. ఫోన్ వస్తే మాట్లాడుతూ ఇంజన్ ఆపేసి, కుళాయిని మరిచిపోయాను. అదృష్టం కొద్దీ తిరిగి స్టార్టు చేయకముందే గుర్తుకొచ్చి స్పార్క్ ప్లగ్గులు విప్పితే, మూడో రంధ్రంలోంచి నీరు చిమ్మి నా చొక్కా తడిసింది. ఆనాటి నుంచి కుళాయి దగ్గర నిలబడనిదే ఇంజన్ తాళం ముట్టుకోను.

క్రమం ఇది. పైపు బిగించి, ఇంజన్ ఆన్ చేసి, వెంటనే కుళాయి తిప్పండి. నీరు లేకుండా ఇంజన్‌ను పదిహేను సెకన్లు దాటి నడపరాదు. మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిచాక కుళాయి కట్టి, రెండు మూడుసార్లు థ్రాటిల్ కొంచెం పెంచి మిగిలిన నీటిని బయటికి కక్కించి, ఇంజన్ ఆపండి. రెండు ఇంజన్లున్న పడవలో ఒకదాని తరువాత ఒకటి చేయండి.

నూనెను ఏడాదికొకసారి గానీ, నూరు గంటలకు గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చండి. కారులో మాదిరిగా కింద బోల్టు విప్పే వీలు లేదు కాబట్టి, ఇంజన్‌ను కాస్త వేడి చేసి, డిప్‌స్టిక్ గొట్టం గుండా చేతిపంపుతో నూనెను లాగాలి. చలికాలంలో పడవను రెండు నెలలకు మించి కదపకపోతే ట్యాంకు నింపి, ఇంధనం పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, అది ఇంజన్ దాకా చేరేలా కొన్ని నిమిషాలు నడిపి, బ్యాటరీని విప్పి ఇంట్లో ఛార్జింగులో ఉంచండి. మీ రాష్ట్రంలో మరో నియమం ఉంది. సరస్సును వదిలే ముందే పడవలోని నీరంతా పారబోయాలి. జీబ్రా మస్సెల్ అనే గవ్వజాతి జీవి ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకకుండా చేసిన చట్టం అది.

ప్రశ్న: షార్లెట్ దగ్గర నార్మన్ సరస్సులో 19 అడుగుల జెట్ బోటు నడుపుతున్నాను. రేవు దగ్గర నెమ్మదిగా వెళ్తుంటే పడవ అసలు చెప్పిన మాట వినదు. ఇంకొక సంగతి, వేగం పెంచడానికి కొత్త ఇంపెల్లర్ వేయించమంటున్నారు. వేయించవచ్చునా?

జవాబు: పడవను తిప్పేది నీటిధారే కాబట్టి, ధార ఆగితే స్టీరింగూ ఆగినట్టే. రేవు మీదికి వెళ్తున్నానని భయపడి థ్రాటిల్ పూర్తిగా వదిలేసేవారు, తప్పించుకునే దారిని తామే మూసుకుంటున్నారు. ముందే నెమ్మదించి, కొద్దిపాటి ధారను నిలుపుకుంటూ, ధారను ముందువైపుకు మళ్లించే రివర్స్ బకెట్‌ను సగం దించి ముందూ వెనుకా తూకం చేయడం నేర్చుకోండి. గాలి లేని ఉదయం, ఖాళీగా ఉన్న చోట ఒక తేలే బోయాను రేవుగా భావించి ఇరవైసార్లు సాధన చేస్తే చేతికి అలవడుతుంది. నాజిల్‌కు ఇరువైపులా బిగించే స్టీరింగ్ రెక్కలు దొరుకుతాయి. మీకు నేను మొట్టమొదట సిఫారసు చేసే మార్పు అదే, డబ్బుకు తగిన ఫలం వెంటనే కనిపిస్తుంది.

ఇంపెల్లర్ విషయంలో తొందర వద్దు. ముందు పాత వేర్ రింగ్ సందు కొలిపించండి. అది అరిగి ఉంటే, కొత్త రింగు వేయడంతోనే పోయిన వేగం చాలావరకు తిరిగి వస్తుంది. పంపు బాగుండి కూడా మార్చదలిస్తే, రెక్కల వాలు ఎక్కువైన కొద్దీ మొదటి లాగుడు తగ్గి ఇంజన్ మీద భారం పెరుగుతుందని గుర్తుంచుకుని, పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం తయారీదారు చెప్పిన పరిధిలోనే ఉండేలా ఎంచుకోండి. వేక్‌బోర్డు (పడవ వెనుక అలల మీద జారే పలక) కోసం నీటి సంచుల బరువు చేర్చేవారు ఆ బరువును కూడా, పడవ ఎంత మోయగలదో రాసి ఉండే కెపాసిటీ ప్లేటు మీది పరిమితిలో లెక్కించాలి. అలాంటి ప్లేటు 20 అడుగుల లోపు పడవలకు అమెరికా చట్టం ప్రకారం తప్పనిసరి.

జెట్ బోటంటే లోతులేని నీటిలోనూ పోతుందన్న పేరు ఎక్కడిదో కూడా చెబుతాను. 1950లలో న్యూజీలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ తమ దీవిలోని గులకరాళ్ల నదుల కోసం ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. 1960లో ఆయన పడవలు గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురీదాయి. నదుల కోసం కట్టే పడవలకు నేడు మందపాటి అల్యూమినియం అడుగు వేస్తారు. మీ ఫైబర్‌గ్లాస్ పడవ సరస్సు కోసం పుట్టింది. ఆ పేరు విని దానిని గులకరాళ్ల మీదికి తీసుకెళ్లకండి.

ప్రశ్న: ట్యూబు లాగే తాడు జెట్‌లోకి పోయి ఇంజన్ ఆగిపోయింది. పిల్లలు ఇంకా నీళ్లలోనే ఉన్నారు. అలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: మొదట ఇంజన్ తాళంచెవి తీసేయండి (రెండు ఇంజన్లుంటే రెండింటివీ), పీకగానే ఇంజన్‌ను ఆపేసే, మణికట్టుకు కట్టుకునే కిల్ స్విచ్ తాడునూ పీకేయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు పడవలు వేగంగా నడిచేటప్పుడు ఆ తాడును నడిపేవారు తగిలించుకోవాలని ఫెడరల్ నియమం. పిల్లలను లైఫ్ జాకెట్లతోనే పడవలోకి ఎక్కించాక, క్లీనవుట్ మూత తీసి, తాడు కొసను పట్టుకుని, అది చుట్టుకున్న దిశకు ఎదురుగా షాఫ్టును చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ లాగండి. బలవంతంగా గుంజితే తాడు మరింత బిగుస్తుంది. రాకపోతే కోసేయండి, కానీ ముక్కలన్నీ బయటికి వచ్చాయని ఒక్కొక్కటీ లెక్క చూసుకోండి. మూత తిరిగి బిగించినట్టు చేత్తో తడిమి చూసుకున్న తరువాతే తాళంచెవి పెట్టండి.