అన్నీ మానేసినా మైగ్రేన్ వస్తూనే ఉంది, ఏది పడటం లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 34. ఆరేళ్లుగా మైగ్రేన్ ఉంది. నెలకి మూడు నాలుగుసార్లు వస్తుంది, వచ్చిందంటే ఆ రోజంతా లైట్లు ఆపేసి పడుకోవాల్సిందే. తిండి వల్లే వస్తుందని తెలిసినవాళ్లు అంటే చాక్లెట్, చీజ్, నిమ్మజాతి పండ్లు, టొమాటో, పాలు, కాఫీ అన్నీ మానేశాను. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను, తలనొప్పి మాత్రం తగ్గలేదు. ఏ ఆహారం పడటం లేదో చెప్పే రక్తపరీక్ష ఉందట, చేయించుకోమంటారా?

జవాబు: ముందు ఆ పరీక్ష సంగతి. వద్దు. ఈ పేరుతో ఎక్కువగా చేసేది ఐజీజీ పరీక్ష, అంటే రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలని కొలిచేది. అందులో ఒక పదార్థానికి పాజిటివ్ వచ్చిందంటే మీరు అది తింటూ ఉంటారని, మీ ఒంటికి అది అలవాటేనని అర్థం, అంతే. దానివల్ల మైగ్రేన్ వస్తోందని కాదు. రిపోర్టులో బోలెడన్ని పదార్థాల పక్కన ఎర్ర గుర్తులు ఉంటాయి, అవి చూసి మీరు ఇంకో నాలుగు మానేస్తారు. ఇప్పటికే ఐదు కిలోలు తగ్గారు, చాలు.

మీరు ఏమేం మానేశారో వివరంగా రాశారు కానీ రోజూ ఎన్నింటికి తింటున్నారో ఒక్క ముక్క రాయలేదు. నాకు మొదటి అనుమానం అక్కడే. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడుకి మార్పులు నచ్చవు, భోజనం ఆలస్యమైనా, మానేసినా, నిద్ర తక్కువైనా, ఒక్కోసారి సెలవు రోజున ఎక్కువైనా, నీళ్లు సరిగ్గా తాగకపోయినా తలనొప్పి పట్టుకునే అవకాశం ఉంది. ఇది తినకూడదు, అది తినకూడదు అనుకుంటూ చివరికి ఏమీ తినకుండా గంటలు గడిపేస్తే, మానేసిన చాక్లెట్ కన్నా ఆ ఖాళీ కడుపే ఎక్కువ చెరుపు చేస్తుంది.

చాక్లెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దాన్నే పట్టుకుంటారు. మైగ్రేన్ మొదలయ్యేది నొప్పితో కాదు, చాలామందిలో నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే మెదడులో మార్పులు మొదలైపోతాయి. ఊరికే ఆవులింతలు రావడం, మెడ పట్టేసినట్టుండటం, కారణం లేని చిరాకు, మాటిమాటికీ మూత్రం రావడం, తీపి మీదకి మనసు లాగడం, ఇవన్నీ ఆ దశలో కనిపించేవే. అప్పుడు చాక్లెట్ తింటారు, సాయంత్రానికి తల పగిలిపోతుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. అది తినాలనిపించడమే మైగ్రేన్ మొదలైందనడానికి గుర్తు కావచ్చు కదా!

అలాగని తిండికి అసలు సంబంధమే లేదనను. మద్యం, అందులోనూ రెడ్ వైన్, కొందరిలో తలనొప్పి తెప్పిస్తుందన్నది గట్టిగానే చెప్పొచ్చు. నిల్వ ఉంచడానికి నైట్రైట్లు కలిపిన మాంసం, బాగా మాగబెట్టిన చీజ్ కూడా కొందరికి పడవు. అజినొమోటో, చక్కెర బదులు వాడే అస్పర్టేమ్ గురించి వాదనలు రెండువైపులా ఉన్నాయి. పాలు, టొమాటో, నిమ్మజాతి పండ్లు మైగ్రేన్ ఉన్నవాళ్లంతా మానేయాలనడానికి తగిన ఆధారం లేదు.

కాఫీది ప్రత్యేకమైన కేసు. ఎక్కువైనా ఇబ్బందే, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. ఆపిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై రెండు రోజుల నుంచి వారం పైన కూడా ఉండొచ్చు. సెలవు రోజున ఆలస్యంగా లేచి కాఫీ ఆలస్యంగా తాగేవాళ్లకి వచ్చే నొప్పుల్లో కొన్ని ఇవే. తాగితే రోజూ ఒకే టైముకి, ఒకటి రెండు కప్పులే తాగండి, మానాలనుకుంటే కొంచెం కొంచెంగా తగ్గించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మానేసినవన్నీ మామూలుగా తినడం మొదలుపెట్టండి, ఏదైనా తింటే దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అది అలర్జీ, దాన్ని మాత్రం ముట్టుకోకండి. వేళకి తింటూ రెండు నెలలు డైరీ రాయండి, ఫోన్‌లో అయినా సరే. నొప్పి వచ్చిన రోజే కాదు, రాని రోజు కూడా రాయాలి, చాలామంది వదిలేసేది అదే. ఇలా ఉంటే చాలు: "మంగళవారం. నొప్పి సాయంత్రం 5కి, కుడి కణత, వికారం. పొద్దున్నుంచి ఆవులింతలు. టిఫిన్ 8కి, మీటింగ్ వల్ల భోజనం మూడున్నరకి. రాత్రి నిద్ర 5 గంటలు. రోజూ రెండు కాఫీలు, ఇవాళ ఒకటే. నెలసరి రేపో ఎల్లుండో. మాత్ర ఒకటి." ఆ రోజు మధ్యాహ్నం చీజ్ తిన్నా సరే, దాన్ని తప్పుపట్టే ముందు చూడాల్సినవి ఎన్ని ఉన్నాయో గమనించండి. ఇవి రెండు మూడు కలిసినప్పుడే నొప్పి రావడం చాలా మామూలు, అందుకే ఒకసారి పడిన తిండి ఇంకోసారి పడదు. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోవడం ఒక్కటే చాలామంది ఆడవాళ్లకి నొప్పి రావడానికి సరిపోతుంది.

డైరీలో ఒక పదార్థం తిన్న 24 గంటల్లోపు నొప్పి వచ్చినట్టు మళ్లీ మళ్లీ కనిపిస్తే, అది తిన్నా నొప్పి రాని రోజులు దాదాపు లేకపోతే, అప్పుడు దాన్నొక్కదాన్నే నెల రోజులు ఆపండి. తేడా లేకపోతే హాయిగా తినండి. తగ్గితే మళ్లీ తిని చూడండి, నిద్ర, భోజనం సరిగ్గా ఉన్న మామూలు రోజున. ఒకేసారి నాలుగు ఆపితే తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు.

డైరీలో మాత్రల లెక్క ఎందుకంటే, మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికే ప్రత్యేకంగా ఇచ్చే మందులు) గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ 10 రోజులు దాటుతూ నెలల తరబడి సాగితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, వీటికి డైరీతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలకి నాలుగు అంటే రాకుండా ఆపే మందుల గురించి ఆలోచించాల్సిన సంఖ్యే, కాబట్టి డైరీ పూర్తయ్యేదాకా ఆగకుండా న్యూరాలజిస్టుని కలవండి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టొపిరమేట్ లాంటివి ఉన్నాయి. ఆస్తమా ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా ముందే చెప్పండి, మందు మారుతుంది. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తుంటే, మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, ఆ రెండూ కలిపి తప్పకుండా చెప్పండి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు అలాంటివాళ్లలో పక్షవాతం ముప్పు పెంచుతాయి.