పార్టీకి కోల్డ్ పాస్తా సలాడ్: బయట ఎంతసేపు ఉంచొచ్చు, షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఉంటాం. జులై 4కి తెలుగు ఫ్యామిలీస్ అందరం పార్క్‌లో పొట్లక్ (ఎవరికి వాళ్లు ఒక వంటకం తెచ్చి కలిసి తినడం) పెట్టుకుంటున్నాం, నేను గ్రీక్ స్టైల్ కోల్డ్ పాస్తా సలాడ్ చేద్దామనుకుంటున్నా. పాస్తా, కీరా, టమాటా, ఉల్లిపాయ, ఆలివ్స్, ఫెటా చీజ్ వేసి ఆలివ్ ఆయిల్, నిమ్మరసం కలుపుతాను. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు, 68 ఏళ్లు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, షుగర్‌కి గ్లిమెపిరైడ్ మెట్‌ఫార్మిన్ కలిసిన టాబ్లెట్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. చల్లారిన పాస్తాతో షుగర్ పెరగదని ఏదో వీడియోలో చూసి తినొచ్చా అంటున్నారు. మా వదినకి ఆరో నెల, ఫెటా ముట్టుకోవద్దని ఎవరో చెప్పారు. పోయినేడాది ఇలాంటి సలాడే తిని ఇద్దరు ముగ్గురికి వాంతులయ్యాయి, అందుకని భయంగా ఉంది.

జవాబు: చేసుకోండమ్మా, మంచి ఐటమే. మీరు రాసిన లిస్ట్‌లో తినకూడనిది ఏదీ లేదు. కానీ మీరు షుగర్ గురించి, ఫెటా గురించి ఎక్కువ కంగారు పడుతున్నారు, నాకు మాత్రం ఆ గిన్నె పార్క్‌లో ఎన్ని గంటలు కూర్చుంటుందా అనే భయం ఎక్కువ. కాబట్టి ముందు అది చెప్తా.

డల్లాస్‌లో జులై మధ్యాహ్నం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే కదా. ఉడికించి చల్లార్చిన పదార్థం 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యలో, అంటే మన లెక్కలో 4 నుంచి 60 సెల్సియస్ మధ్యలో ఉన్నంతసేపూ అందులో బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో 2 గంటల దాకా పర్లేదంటారు, బయట 90 ఫారెన్‌హీట్ దాటితే మాత్రం 1 గంటే. ఈ గంట మీరు టేబుల్ మీద పెట్టినప్పట్నుంచి కాదు, చల్లదనం పోయినప్పట్నుంచి లెక్క, అంటే కార్ డిక్కీలో ఐస్ లేకుండా ఉన్న టైమ్ కూడా అందులోకే వస్తుంది. పొట్లక్‌లో 12కి భోజనాలంటారు, అందరూ వచ్చి ఫొటోలు దిగి ప్లేట్ పట్టుకునేసరికి 2 అవుతుంది, అప్పటికి సలాడ్ టైమ్ ఎప్పుడో అయిపోయుంటుంది.

పాస్తాకి, అన్నానికి ఉన్న గొడవ ఏంటంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి స్పోర్స్ రూపంలో పిండి పదార్థాల్లో ఉంటుంది, నీళ్లు తెర్లినా ఆ స్పోర్స్ చావవు, తర్వాత గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి పోదు, అందుకని మళ్లీ మైక్రోవేవ్‌లో పెట్టి తిందాంలే అనుకుంటే లాభం లేదు. ఇంకోటి స్టాఫ్ (స్టెఫైలోకాకస్) అనే బ్యాక్టీరియా, ఇది మన చేతుల్నుంచి, ముక్కు నుంచి వస్తుంది, చేతికి చిన్న కోత ఉండి గ్లౌజ్ లేకుండా సలాడ్ కలిపితే చాలు. ఈ రెండిట్లో ఏదైనా తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. పోయినేడాది వాళ్లకి ఎంతసేపటికి మొదలైందో మీరు రాయలేదు, ఆ రోజు సాయంత్రంలోపే అయితే నా అనుమానం వీటి మీదే.

చాలామంది అడుగుతారు, పులిహోర పొద్దున చేస్తే రాత్రి దాకా ఉంటుంది, ఇందులో కూడా నిమ్మరసం ఉందిగా అని. పులిహోరలో చింతపండు గుజ్జు, నూనె కలిసి మెతుకు మెతుక్కీ పడతాయి, పచ్చి కూరగాయలుండవు, పాలతో చేసింది ఏదీ ఉండదు, అయినా 95 డిగ్రీల ఎండలో దానికి కూడా నేను గ్యారంటీ ఇవ్వను. మీ సలాడ్‌లో అయితే కీరా, టమాటా ఉప్పు తగలగానే నీళ్లు వదులుతాయి, నిమ్మరసం పలచబడిపోతుంది, పాస్తా లోపలికి ఆ పులుపు సరిగ్గా చేరదు. నాలుక్కి పుల్లగా ఉంది కదా అని సేఫ్ అనుకోవద్దు. మయొనైజ్ వెయ్యలేదు కాబట్టి పాడవదు అనేవాళ్లూ ఉన్నారు, షాపులో కొన్న మయొనైజ్ బాగానే పుల్లగా ఉంటుంది, చాలాసార్లు తప్పు దానిది కాదు, ఎండలో పెట్టిన పాస్తాదే.

నేను చెప్పేది ఒకటే, కలిపి తీసుకెళ్లకండి. ముందురోజు రాత్రి పాస్తా కాస్త పలుకు ఉండేలా ఉడికించి, వార్చి, చన్నీళ్లతో కడిగేసి, కొంచెం నూనె రాసి వెడల్పాటి ట్రేలో రెండంగుళాలు మించకుండా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కుక్కి పెడితే మధ్యలో చల్లబడ్డానికే గంటలు పడుతుంది. కూరగాయ ముక్కలు ఒక డబ్బా, ఫెటా, ఆలివ్స్ ఇంకో డబ్బా, డ్రెస్సింగ్, అంటే ఆ ఆలివ్ ఆయిల్, నిమ్మరసం కలిపింది ఒక సీసా, అన్నీ ఐస్ ప్యాక్స్‌తో కూలర్ బాక్స్‌లో. అక్కడికెళ్లాక భోజనాలు నిజంగా మొదలయ్యాక చిన్న గిన్నెలో కొంచెం కొంచెం కలుపుతూ ఉండండి, ఆ గిన్నెని ఐస్ నింపిన ట్రేలో పెట్టండి. గంటలో అయిపోని సలాడ్ పారెయ్యండి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవద్దు. కూలర్ లోంచి తియ్యకుండా చల్లగానే మిగిలింది అయితే 3, 4 రోజుల్లో తినెయ్యొచ్చు. డ్రెస్సింగ్‌లో పచ్చి వెల్లుల్లి వేస్తారేమో, వెల్లుల్లి నూనెలో వేసి బయట రోజుల తరబడి ఉంచితే బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బుకి దారి తీయొచ్చు, అందుకని ఏ రోజుకి ఆ రోజు చేసుకోండి, లేదంటే ఎండు వెల్లుల్లి పొడి వాడండి.

ఇలా విడివిడిగా పట్టుకెళ్తే నాన్నగారి సమస్య కూడా సగం తీరిపోతుంది. అసలు గ్రీస్‌లో ఊళ్లల్లో తినే సలాడ్‌లో పాస్తా ఉండదు, టమాటా, కీరా, ఉల్లిపాయ, ఆలివ్స్, ఫెటా, పైన ఓరెగానో, ఆలివ్ ఆయిల్ అంతే. పాస్తా చేరింది అమెరికా పిక్నిక్‌ల దగ్గర. కాబట్టి ఆయనకి కూరగాయల డబ్బాలోంచి ప్లేట్ నిండా పెట్టి, పాస్తా పక్కన అర కప్పు వెయ్యండి.

ఇక ఆ వీడియో సంగతి. అందులో పూర్తి అబద్ధం లేదు. పాస్తా, అన్నం, బంగాళాదుంప ఉడికి చల్లారితే అందులో కొంత స్టార్చ్ గట్టిపడి అరగని రకంగా మారుతుంది, దానివల్ల షుగర్ కొంచెం నెమ్మదిగా పెరగొచ్చు. కొంచెం అంతే. ఉడికిన పాస్తా ఒక కప్పులో 40 గ్రాముల పైనే కార్బ్స్ ఉంటాయి, ఒక కప్పు అన్నానికి పెద్ద తేడా లేదు, చల్లార్చినంత మాత్రాన ఆ 40 కాస్తా 10 అయిపోదు. మా క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్లు ఇదే మాట చద్దన్నం గురించి చెప్పి రెండు గిన్నెలు లాగించేస్తారు, తర్వాత రిపోర్ట్ చూసి ఆశ్చర్యపోతారు. పాస్తా సగం తగ్గించి ఆ ప్లేస్‌లో ఉడికించిన కాబూలీ శనగలు వెయ్యండి, రుచికి రుచి, పీచూ ప్రొటీనూ వస్తాయి. తినడం మొదలెట్టిన 2 గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకోమనండి, వీడియో కంటే ఆ నంబర్ నమ్మడం మంచిది.

షుగర్ పెరగడం కంటే ఆ రోజు ఆయనకి షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ అని నా అనుమానం. గ్లిమెపిరైడ్ పొద్దున వేసుకుని, ఎండలో తిరిగి, భోజనం 3కి అయితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావొచ్చు. టాబ్లెట్ వేసుకుంటే టిఫిన్ మానకూడదు, పార్క్‌లో లంచ్ లేట్ అయితే ఏదైనా చిన్నది తినాలి, జేబులో గ్లూకోజ్ బిళ్లలో మీ బ్యాగ్‌లో జ్యూస్ డబ్బానో ఉండాలి. షుగర్ 70 కన్నా తగ్గితే వెంటనే అర కప్పు జ్యూస్ తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడండి.

బీపీకి అసలు శత్రువు పాస్తా కాదు, ఉప్పు. 30 గ్రాముల ఫెటాలో దాదాపు 300 మిల్లీగ్రాముల సోడియం, ఐదారు ఆలివ్స్‌లో ఇంకో 200 పైనే, కొన్న డ్రెస్సింగ్ రెండు టేబుల్ స్పూన్లకి బ్రాండ్‌ని బట్టి 300 దాకా, మొత్తం రోజుకి 2000 మించొద్దని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంటే ఒక్క సలాడ్‌కే 800 అయిపోయింది, పక్కన ఆవకాయ వేసిన పెరుగన్నం ఎలాగూ ఉంటుంది. పాస్తా ఉడికించే నీళ్లలో ఉప్పు మానెయ్యండి, ఫెటా, ఆలివ్స్ కాసేపు నీళ్లలో వేసి తియ్యండి, డ్రెస్సింగ్ ఇంట్లోనే చెయ్యండి. లో సోడియం సాల్ట్ కొనేసి వాడకండి, అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లలో పొటాషియం పెరిగే ఛాన్స్ ఉంది, ఆయన డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

వదినగారికి ఫెటా పూర్తిగా వద్దనక్కర్లేదు. ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ మిల్క్ (వేడి చేసి క్రిములు చంపిన పాలు) అని రాసి ఉంటే తినొచ్చు, రాయకపోతే వద్దు, సంతలో విడిగా అమ్మేది అసలే వద్దు. భయం లిస్టీరియా అనే బ్యాక్టీరియా గురించి, ఇది ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, గర్భిణులకి మిగతావాళ్ల కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువగా వస్తుంది, తల్లికి చిన్న జ్వరంలా పోయినా బిడ్డకి ప్రమాదం. అందుకని ఆమెకి ఆ రోజు తెరిచిన ప్యాకెట్‌లోంచే పెట్టండి, మూడు రోజుల నాటి మిగులు వద్దు. ఎవరైనా ఇందులో సలామీ, పెప్పరోనీ లాంటి నిల్వ మాంసం ముక్కలు వేసి తెస్తారు, అది ఆమె తినకూడదు. తర్వాతి వారాల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే ఫ్లూ అని వదిలెయ్యకుండా తన గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేసి ఏం తిన్నదీ చెప్పాలి.

ఎవరికైనా వాంతులు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టించండి, మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, రక్త విరేచనాలైనా, జ్వరం 102 దాటినా, యూరిన్ బాగా తగ్గినా హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే. నాన్నగారికి వాంతులు, విరేచనాలైతే మాత్రం అంతదాకా ఆగొద్దు, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ కొనసాగించాలా ఆపాలా అనేది అదే రోజు డాక్టర్‌ని అడగండి, తిండి లేకుండా గ్లిమెపిరైడ్ ఉన్న టాబ్లెట్ వెయ్యొద్దు. ఇండియా డాక్టర్ నంబర్ ఆ రోజు మీ ఫోన్‌లో ఉంచుకోండి, టైమ్ తేడా వల్ల దొరక్కపోతే అక్కడి అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లే క్లినిక్)లో ఆయన టాబ్లెట్ స్ట్రిప్స్ చూపించినా చాలు.