ట్యాంకులో నత్తలు పాచి తినడం మానేసి నీళ్ల పైకెక్కి కూర్చుంటున్నాయి, నీళ్లు పాడయ్యాయా?

ఏ సమస్య చెప్పినా నీళ్లు మార్చమనడం మనవాళ్లకి అలవాటైపోయింది. అమ్మోనియా టెస్టు చేసుకోండి, తప్పు లేదు. నేనైతే ముందు అడిగేది ఒకటే: ఈ మధ్య ట్యాంకులోకి కొత్తగా ఏం దించారు?

రెండేళ్ల కింద, రొయ్యలా ఉండి పీతలాంటి గోళ్లున్న ఒక క్రేఫిష్‌ని తెచ్చాను. నత్తల జోలికి పోకుండా చిల్లుల డబ్బాలో పెట్టి అదే ట్యాంకులో వేలాడదీసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం దానికి నా బ్లాడర్ నత్తల్లో (ట్యాంకుల్లో తరచూ కనబడే చిన్న మంచినీటి నత్తలు) ఒకదాన్ని వేశాను. గుల్ల పటపటమని విరిచి తినేసింది. పొద్దున లేచి చూస్తే నీళ్లలో ఒక్క నత్త లేదు. అద్దం పైఅంచునా, మూత అడుగునా కరుచుకుని ఉన్నాయి. డబ్బా క్రేఫిష్‌ని ఆపింది గానీ దాని వాసననీ, నలిగిన నత్త రసాన్నీ ఆపలేదుగా! నత్తకి కన్ను పేరుకే, లోకమంతా వాసనే.

వారం తిరిగేసరికి అద్దం పచ్చగా పాచి పట్టింది. చచ్చింది ఒక్క నత్త, పండగ మాత్రం పాచికి. డబ్బా తీసేసి నీళ్లు మార్చాక (అవును, మార్చాను) మెల్లగా దిగాయి. అద్దం మీద నాలుకతో గీకిన వంకర గీతలు మళ్లీ కనబడ్డాయి.

నత్తల్ని తినే చేపని దించితే కథ వేరు. అప్పుడు రాళ్ల కిందకి దూరతాయి. క్రేఫిష్ అడుగున నడిచేది కాబట్టి పైకెక్కుతాయి. అంత లెక్కుంది వాటికి.

తినకపోతే కంగారుపడతాం గానీ, తెగ తింటుంటే ఎవరూ అనుమానించరు. చెరువు నుంచి తెచ్చిన నత్తనొకదాన్ని విడిగా సీసాలో పెట్టాను. మేత బ్రహ్మాండం, గుడ్లు మాత్రం ఒక్కటీ లేవు. ఒకరోజు ఎండ తగలగానే సీసాలో తెల్లటి నలుసులు గిలగిలా ఈదడం మొదలెట్టాయి. ఫ్లూక్ అనే పరాన్నజీవి పురుగు పిల్లలు! ఆ పురుగు లోపల చేరి నత్తకి గుడ్లు పెట్టే శక్తి లేకుండా చేస్తుంది. వెంటనే ప్రాణం తీయదు, తన మేత కోసం బతకనిస్తుంది. బ్లాడర్ నత్తల్లో పురుగు సోకినవి మామూలు వాటికంటే జోరుగా పాచి గీకుతాయని పరిశోధకులు కూడా చూశారు. తిండి నత్తది, ఒళ్లు పురుగుది.

ఆ నీళ్లలో ఒట్టి చెయ్యి పెట్టకండి. పక్షుల ఒంట్లో పెరిగే ఫ్లూకుల్లో కొన్నింటి పిల్లలు మన చర్మంలోకీ దూరతాయి. నేను పెట్టి, రెండు రోజులు గోక్కుంటూ కూర్చున్నాను.

ఇంతకీ మీరు దించిందేంటో చెప్పనే లేదు.