నీళ్ళు, మంచు, ఆవిరి: ఒక కొత్త రచయిత్రికి జవాబు

అమ్మా,

ఇవాంజెలికల్ క్రైస్తవులూ మోర్మన్లూ దేవుణ్ణి ఎలా నమ్ముతారో, వాళ్ళ తేడాలేమిటో చెప్పే నీ వ్యాసం అందింది. మొదటిసారి నాలుగో పేరా దగ్గరే ఆపేసి కాగితాలు పక్కన పెట్టేశాను. కోపం వచ్చింది. మర్నాడు పొద్దున మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. వయసిచ్చిన చనువుతో 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు.

నా కోపానికి కారణం ఆ నీళ్ళు, మంచు, ఆవిరి. ఇవాంజెలికల్ క్రైస్తవులు, అంటే బైబిలే ప్రమాణమనే ప్రొటెస్టెంట్లు, నమ్మే త్రిత్వం (సారంలో ఒకే దేవుడు, వ్యక్తులుగా ముగ్గురు) గురించి చెబుతూ, ఒకే నీరు మూడు రూపాల్లో ఉన్నట్టు ఒకే దేవుడు తండ్రిగా, కుమారుడిగా, పరిశుద్ధాత్మగా ఉంటాడని రాశావు. అది త్రిత్వం కాదమ్మా. ఒకే వ్యక్తి మూడు రూపాల్లో కనిపిస్తాడన్న వాదం అది. మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే బోధకుడి పేరు మీద నడిచింది, సంఘం దాన్ని తోసిపుచ్చింది. ఒకసారి మత్తయి సువార్త మూడో అధ్యాయం తెరిచి చూడు. కుమారుడు, అంటే యేసు, బాప్తిస్మం పొంది యొర్దాను నీళ్ళలోంచి ఒడ్డుకు వస్తున్నాడు. ఆత్మ పావురంలా దిగుతున్నాడు. ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపిస్తోంది. ముగ్గురూ ఆ ఒక్క క్షణంలోనే ఉన్నారు, ఒకరు ఇంకొకరి గురించి మాట్లాడుతున్నారు. మంచుగా మారిన నీటిచుక్క ఆవిరిగా మారిన తనతో తానే మాట్లాడుతుందా?

చాలామంది ఇవాంజెలికల్ పాస్టర్లు కూడా పిల్లలకు ఈ పోలికే చెబుతారు, నాకు తెలుసు. వాళ్ళు చెప్పింది గాలికి పోతుంది. నువ్వు రాసింది కాగితం మీద ఉండిపోతుంది.

పోలికల మీద నా కోపం ఇవాళ్టిది కాదు. కొత్తగా రాస్తున్న రోజుల్లో నైసియాలో బిషప్పుల సభ ఆమోదించిన విశ్వాస ప్రమాణం మీద ఒక వ్యాసం రాశాను. ఏడు నెలలు పట్టింది. 325లో జరిగిన ఆ సభ కుమారుడి గురించి చెప్పడానికి 'హోమోఊసియోస్' అనే గ్రీకు మాట వాడింది. దానికి తెలుగు మాట కోసమే మూడు వారాలు కొట్టుకున్నాను. 'ఒకే సారం' అని రాసి కొట్టేశాను, 'ఒకే తత్త్వం' అని రాసి అదీ కొట్టేశాను, చివరికి మళ్ళీ 'ఒకే సారం' దగ్గరికే వచ్చాను. ఆ పత్రిక సంపాదకుడు నన్ను ఒక్క మాట అడక్కుండా 'సారం' తీసేసి 'రూపం' పెట్టాడు. అది చాలదన్నట్టు సూర్యుడు, కిరణం, వేడి అంటూ ఒక పోలిక తనే రాసి మధ్యలో అతికించాడు. అచ్చులో చూసుకున్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. వారం తిరక్కుండా ఒక పెద్దాయన, పాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, వణికే చేతిరాతతో నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ప్రతి పేజీలోనూ బాధే. నేను రాయని వాక్యానికి నేనే ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. సవరణ వేయమని పత్రికకు నాలుగుసార్లు రాస్తే, పాఠకులకు అంత సూక్ష్మం అక్కర్లేదని ఒక కార్డు ముక్క వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఏ పత్రికకూ ఏమీ పంపలేదు.

ఆ సూక్ష్మం కోసమే నాలుగో శతాబ్దంలో బిషప్పులు పదవులు పోగొట్టుకున్నారు. ఆ మాట కోసం నిలబడ్డ బిషప్పు అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసం వెళ్ళాడు. అలాంటి మాటను అక్కర్లేదని కొట్టేయడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకే నా మాట ఇది: త్రిత్వానికి పోలిక చెప్పకు. ఏదీ చెప్పకు. కోడిగుడ్డు, సూర్యుడు, త్రిభుజం, అన్నీ ఏదో ఒక తప్పులోకే జారతాయి. పోలిక రాయాలనిపించిన చోటల్లా ఆగి, 'ఏకం అంటే దేనిలో ఏకం?' అని అడుగు. నీ వ్యాసం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడగలదు.

ఇప్పుడు మోర్మన్ల సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన వాళ్ళ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఆ పేరుతోనే పిలవమని 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా కోరారు. ఒక్కసారైనా ఆ పేరు రాసి, తర్వాత పొట్టి పేరు వాడు. వాళ్ళ నమ్మకాన్ని నువ్వు 'ముగ్గురు సభ్యుల కమిటీ' అన్నావు. మళ్ళీ పోలికే! మోర్మన్ గ్రంథంలో ముగ్గురు దేవుళ్ళని రాసి ఉందని కూడా అన్నావు. అక్కడ పప్పులో కాలేశావు. 1830లో అచ్చయిన ఆ గ్రంథంలోని 'ముగ్గురు సాక్షుల సాక్ష్యం' అనే ప్రకటన చివర తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే ఉంది. అందులోనే రెండవ నీఫై అనే భాగం 31వ అధ్యాయం చివర కూడా అదే మాట. ఇప్పుడు మొదటి నీఫై 11వ అధ్యాయంగా ఉన్న చోట తొలి ముద్రణలో మరియను దేవుని తల్లి అన్నారు. 1837 ముద్రణలో దాన్ని దేవుని కుమారుని తల్లి అని మార్చారు. ముగ్గురూ వేర్వేరు అస్తిత్వాలన్న బోధ స్పష్టంగా కనిపించేది తర్వాతి మాటల్లో. జోసెఫ్ స్మిత్ 1820 నాటి తన మొదటి దర్శనం గురించి 1838లో మొదలుపెట్టిన కథనంలో ఇద్దరు వ్యక్తులు కనిపించారని చెప్పాడు. తండ్రికి మనిషికున్నట్టే మాంసం, ఎముకలు ఉన్న శరీరం ఉందని, కుమారుడికీ ఉందని, పరిశుద్ధాత్మకు మాత్రం లేదని 1843 ఏప్రిల్‌లో బోధించాడు. అది వాళ్ళ మరో లేఖనం, సిద్ధాంతము మరియు నిబంధనలు, 130వ ప్రకరణంలో ఉంది. అంటే ఆ నమ్మకం ఒక్కరోజులో ఊడిపడింది కాదు, దానికో నడక ఉంది. ఆ నడక చూపించకుండా ఒక్క వాక్యంలో తేల్చేస్తే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ఇక యోహాను సువార్త 17వ అధ్యాయం. నీ వ్యాసంలో అది లేనే లేదు! ఈ రెండు నమ్మకాలూ ముఖాముఖి నిలబడేది అక్కడే. శిష్యులు ఏకం కావాలని యేసు ప్రార్థిస్తాడు, తానూ తండ్రీ ఏకమై ఉన్నట్టే. మోర్మన్ పాఠకుడు అక్కడ ఆగి అంటాడు: శిష్యులు కలిసిపోయి ఒకే ప్రాణి అయిపోరు కదా, ప్రేమలో, ఉద్దేశంలో ఒకటవుతారు, తండ్రీ కుమారులూ ఏకమైంది ఆ తీరులోనే. ఇవాంజెలికల్ పాఠకుడు ఒప్పుకోడు. 'ఉన్నట్టే' అంటే పోలిక చూపించడమే తప్ప సమానమని కాదంటాడు. అదే సువార్త మొదటి అధ్యాయం మొదటి వచనానికి వెళ్ళి 'వాక్యము దేవుడై ఉండెను' అని చూపిస్తాడు, వాక్యమంటే కుమారుడే. ఇద్దరి చేతిలోనూ అదే పుస్తకం, వేలు పెట్టింది ఒకే మాట మీద. ఒకరికి ఏకం అంటే సారంలో, మరొకరికి ఉద్దేశంలో. యొర్దాను దృశ్యమూ అంతే. వ్యక్తులు వేర్వేరని చూపడానికి ఇవాంజెలికల్ దాన్ని వాడతాడు, ముగ్గురూ వేర్వేరు అస్తిత్వాలని చూపడానికి మోర్మన్ అదే వాడతాడు.

ఇంకా లోపలికి వెళ్ళు. ఇది ఒకటా మూడా అన్న లెక్కల గొడవ కాదు. దేవుడు ఏ కోవకు చెందినవాడు అన్న ప్రశ్న. ఇవాంజెలికల్స్‌కి సృష్టికర్త ఒకవైపు, సృష్టి అంతా మరోవైపు, మధ్యలో దాటలేని గీత. ఆయన శూన్యంలోంచి అన్నిటినీ చేశాడు, ఆయనలాంటిది ఇంకేదీ లేదు. అందుకే ముగ్గురూ గీతకు అటువైపే, ఒకే సారంలో ఉండి తీరాలి. కుమారుడు రక్షించగలిగేది ఆయన సంపూర్ణంగా దేవుడైతేనే. మోర్మన్లకు ఆ గీత లేదు. మనుషులు ఆ తండ్రి ఆత్మ సంతానమని నమ్ముతారు. చైతన్యం సృష్టించబడింది కాదని సిద్ధాంతము మరియు నిబంధనలు 93వ ప్రకరణం చెబుతుంది. దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటివాడేనని 1844 ఏప్రిల్‌లో అమెరికాలోని నావూ పట్టణంలో ఇచ్చిన ప్రసంగంలో జోసెఫ్ స్మిత్ అన్నాడు. ఆ ప్రసంగాన్ని వాళ్ళు లేఖనాల్లో చేర్చలేదు, అదీ రాయాలి. తండ్రికి శరీరం ఉందన్న మాట వాళ్ళకు దేవుణ్ణి తగ్గించడం కాదు. ఆయన నిజంగా తండ్రి అన్న ధైర్యం.

ఇది తేలిగ్గా తీసుకునే తేడా కాదు. మోర్మన్ బాప్తిస్మంలో కూడా తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరే పలుకుతారు. అయినా 2001లో కాథలిక్ సంఘం ఆ బాప్తిస్మం చెల్లదని చెప్పింది. మాటలు అవే అయినా, అవి ఎవరిని పిలుస్తున్నాయన్నది వేరని.

మోర్మన్లు క్రైస్తవులా కాదా అని అడిగావు. దానికి నేను జవాబు చెప్పను, నీ వ్యాసమూ చెప్పనక్కర్లేదు. మిగతా ప్రశ్నలు మరోసారి చూద్దాం.

రెండో రోజు చివరిదాకా చదివానన్నాను కదా. అక్కడ, ఆఖరి పేజీలో, ఒక వాక్యం ఉంది. ఆసుపత్రి వరండాలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు తల్లులు, ఒకరు మోర్మన్, ఒకరు ఇవాంజెలికల్, కళ్ళు మూసుకుని ఒకేసారి 'తండ్రీ' అన్నారని రాశావు. ఆ ఒక్క మాట నన్ను పట్టేసింది. దాన్ని తీసుకెళ్ళి తేడాల పట్టిక కింద ఎందుకు పడేశావు? ఎడమవైపు ఒక గడి, కుడివైపు ఒక గడి. ఈమధ్య ఏ సంపాదకుడిని చూసినా పట్టిక కావాలంటాడు, లేకపోతే 'ఏడు తేడాలు' అని శీర్షిక పెట్టమంటాడు. నువ్వు వాళ్ళ మాట వినకు. గడుల్లో ఆ ఇద్దరు తల్లులూ పట్టరు.

పట్టిక తీసేయ్. ఆ తల్లులతో మొదలుపెట్టు. ఒకామె పిలిచిన తండ్రి ఎవరు, పక్కనున్న ఆమె పిలిచిన తండ్రి ఎవరు, అక్కణ్ణుంచి 17వ అధ్యాయానికి వెళ్ళు. విశ్వాస ప్రమాణంలో పరిశుద్ధాత్మ గురించిన భాగం 325లోనే ఖాయమైందని రాశావు, అది పెరిగింది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ తర్వాత, సరిచెయ్యి. రాయడం పూర్తయ్యాక ఇంకెవరికీ పంపకముందు నాకు పంపు. ఈసారి చేత్తో రాసి పంపినా ఫర్వాలేదు, నాకు అదే ఇష్టం.

ఆశీస్సులతో