పిట్ బైక్ చైన్ ఊడిపోతుంటే

తమ్ముడి కోసం 125 సీసీ పిట్ బైక్ (మట్టిదారుల్లో నడిపే చిన్న బైక్) తెప్పించి మీరే బిగించారు, గతుకుల్లో చైన్ ఊడిపోతోంది అన్నారు కదా. అప్పుడే స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కొనకండి, డబ్బు దండగ. వెనక చక్రం వంకరగా కూర్చుని ఉండొచ్చు. ఇంజిన్ ఆపి, యాక్సిల్ (వెనక చక్రం ఇరుసు) నట్టు వదులు చేసి, చక్రాన్ని ముందుకూ వెనక్కీ జరిపే అడ్జస్టర్ల గీతలు రెండు వైపులా సమానంగా పెట్టండి. ఆ గీతల్ని మరీ నమ్మొద్దు. వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే చైన్ తిన్నగా కనబడాలి. కింది చైన్‌ను మధ్యలో వేలితో ఎత్తితే దాదాపు 3 సెంటీమీటర్లు ఆడాలి, అదీ చక్రం తిప్పి బాగా బిగువుగా ఉన్న చోట చూసుకోవాలి. చైన్ ఇంకా బిగిస్తే షాక్ అబ్జార్బర్ (కుదుపులు తట్టుకునే స్ప్రింగు) నొక్కుకున్నప్పుడు బేరింగుల మీద భారం పడుతుంది. చైన్ రెండు కొసల్ని కలిపే చోట ఉండే క్లిప్పు మూసుకుపోయిన వైపు చైన్ పరుగెత్తే దిక్కుకే ఉందా చూడండి, చాలామంది తిరగేసి పెడతారు. యాక్సిల్ నట్టు తిరిగి గట్టిగా బిగించాకే నడపండి. మొదటి రైడ్ అయ్యాక యాక్సిల్, హ్యాండిల్, ఫుట్‌పెగ్ బోల్టులన్నీ మళ్లీ బిగించండి.