జపనీస్ క్రైమ్ నవలలు ఎక్కడ మొదలుపెట్టాలంటే

నాన్నా,

జపనీస్ క్రైమ్ నవలలు ఇంగ్లీషులో చదవాలనుంది, ముందు ఏది కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు కదా. అందరూ హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' చేతిలో పెడతారు. గొప్ప నవలే, కానీ దాంతో మొదలుపెడితే ప్రతి పుస్తకంలోనూ చివర్లో అలాంటి దెబ్బ కోసమే చూస్తావు, మిగతావి చప్పగా ఉంటాయి. నువ్వు ముందు సెయిచో మత్సుమొతోని చదువు.

ఆయన 'పాయింట్స్ అండ్ లైన్స్' 1958లో పుస్తకంగా వచ్చింది. సముద్రతీరంలో ఒక ప్రభుత్వోద్యోగి, పక్కనే ఒక అమ్మాయి శవాలై కనిపిస్తారు, ప్రేమికుల ఆత్మహత్యేనని అందరూ తేల్చేస్తారు. ఒక పెద్ద వయసు డిటెక్టివ్‌కి మాత్రం అతని దగ్గర దొరికిన రైలు భోజనం రసీదు మింగుడుపడదు, ఎందుకంటే అందులో ఒక్కరే తిన్నట్టుంది. కలిసి చావడానికి బయల్దేరినవాళ్ళయితే ఆ అమ్మాయి ఎందుకు తినలేదు? అక్కణ్ణుంచి కథంతా రైళ్ళ టైమ్ టేబుల్ మీదే నడుస్తుంది, నాలుగంటే నాలుగు నిమిషాల చుట్టూ. ఇదే నవల 2022లో 'టోక్యో ఎక్స్‌ప్రెస్' పేరుతో కొత్త అనువాదంగా వచ్చింది, వేరే పుస్తకమనుకుని రెండూ కొనకు.

తర్వాత మియుకి మియాబె, 'ఆల్ షీ వాజ్ వర్త్'. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పెళ్ళి కుదిరిన అమ్మాయి క్రెడిట్ కార్డుకి అప్లై చేస్తే పాత దివాలా కేసు బయటపడుతుంది, ఆమె మాయమవుతుంది. సెలవులో ఉన్న పోలీసాయన వెతుకుతూ పోతుంటే ఒక మామూలు మనిషిని అప్పు ఎంత దూరం తరుముతుందో కనిపిస్తుంది. 1992 నాటి నవల, కానీ ఇప్పుడు మన దగ్గర లోన్ యాప్‌ల గొడవలు చూసినవాళ్ళకి పాతదనిపించదు. నేరస్తుల మీద కోపం, జాలి ఒకేసారి వస్తాయి, నిజంగా.

నత్సువో కిరినో 'అవుట్' చదివే ముందు కాస్త గుండె దిటవు చేసుకో. రాత్రి షిఫ్టులో లంచ్ బాక్సులు సర్దే నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకరు మొగుణ్ణి చంపేస్తుంది. ఎవరు చంపారో మొదట్లోనే తెలుసు, శవాన్ని ఏం చేశారన్నదే కథ. రక్తం చాలా ఉంటుంది, అన్నం తింటూ చదవద్దు. పజిల్ కావాలనిపిస్తే యోకోమిజో 'ది హోంజిన్ మర్డర్స్' ఉంది, చిన్నదే.

హిదెవో యొకొయామా 'సిక్స్ ఫోర్' ఆఖరికి ఉంచుకో. చాలా లావు పుస్తకం, సగం దాకా పోలీసు ఆఫీసు రాజకీయాలే. మికామి, మినాకో, మికుమో, మత్సువోకా అని పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, ఒక కాగితం మీద ఎవరు ఎవరో రాసుకుని పుస్తకంలోనే పెట్టుకో.

మీ పెద్దమ్మ